కాలు కింద పెట్టని వాళ్లు

జడ్చర్ల,
11 డిసెంబరు 1960

మల్లేశం బావకు వెంకటనర్సు దండాలు.

అక్క నా మీద కోపంగా ఉందని నీ కార్డులో ఒక్క ముక్క రాసి తప్పించుకున్నావు. ఎందుకు కోపమో నాకు తెలుసు. చౌటుప్పల్‌లో బాపు మగ్గం గుంటలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ నా గురించే చెబుతున్నాడట. "నేసుడు ఇడిసిపెట్టి ఊరూరు తిరిగి సైకిల్ తొక్కుతాండు, గదేం బతుకు" అని. మగ్గం మీదా తొక్కుడే, ఇక్కడా తొక్కుడే అని ఆయనకు చెప్పు. మగ్గం తొక్కితే ఎవరూ చప్పట్లు కొట్టరు, అంతే తేడా.

నువ్వు ఒక్కసారీ వచ్చి చూడలేదు కాబట్టి చెబుతున్నాను. ఊరి బయట ఖాళీ జాగాలో నడుమ కట్టె పాతి జెండా కడతాం. మా ఉస్తాద్ బుచ్చయ్య మైకు పట్టుకుంటాడు. నేను జెండా చుట్టూ తొక్కుతూనే ఉండాలి. వారం రోజులు కాలు నేలకు తగలకూడదు. తిండి సైకిలు మీదే. స్నానమూ సైకిలు మీదే. ఆడవాళ్లు బిందెలతో వరసగా నిలబడి నేను ముందు నుంచి పోతుంటే నీళ్లు గుమ్మరిస్తారు. మంగలి పక్కన పరుగెత్తుతూ గడ్డం గీస్తాడు. మిగతా అవసరాల సంగతి అడగకు, దానికీ ఏదో ఏర్పాటు ఉంది. చివరి రోజు ఊరంతా దండలు వేసి తోచింది ఇస్తారు. ఒక్కోసారి ఇద్దరిని పోటీకి దింపుతారు. ముందు కాలు పెట్టినవాడు ఓడినట్టు.

కాళ్లతో నాకు ఫికర్ లేదు. నిద్రతోనే చావు. అచ్చంపేటలో నాలుగో రోజు కళ్లు మూతలు పడి, సీదా పోయి కుమ్మరి కుండల మధ్య పడ్డాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. బుచ్చయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకోసారి పడితే వేరేవాణ్ని చూసుకుంటానని వంటామెతో చెప్పాడు, నాకు వినబడేటట్టు.

నువ్వు కాంపౌండరువి. పరీక్షల పిల్లలకు నిద్ర రాకుండా ఏదో గోళీ ఉంటుందని దసరాకు కల్లు తాగుతూ నువ్వే చెప్పావు. అదేదో నాకూ చూడు. అక్కకు మాత్రం చెప్పకు.

నీ బామ్మర్ది,
నర్సు

*

నల్గొండ,
2 జనవరి 1961

నర్సుకు,

కుండల సంగతి చదివి గట్టిగా నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావని మీ అక్క అడిగితే ఏదో సినిమా గుర్తొచ్చిందన్నాను. పెళ్లయ్యాక లీలమ్మతో ఆడిన మొదటి అబద్ధం ఇదే కావచ్చు. నీ కోసం ఆడాను, గుర్తుంచుకో.

అడగడానికి సిగ్గుపడ్డట్టు ఉత్తరం చివరి మూలలో రాశావు. సిగ్గెందుకు? చాయ తాగుతావు, బీడీ తాగుతావు, ఎవరైనా తప్పన్నారా? వాటితో నిద్ర ఎగిరిపోతుందనే కదా తాగేది. ఇదీ అంతే, జర గట్టిది. మీ పందెం కాలు కింద పెట్టకూడదని. కడుపులో ఏముందని ఎవరూ పందెం కట్టలేదు.

మా డాక్టరు గారి దగ్గర ఈ మందు ఉంది. కూర్చున్నచోటే నిద్రపోయే జబ్బు వాళ్లకు, ఒళ్లు తగ్గాలనుకునే షావుకార్లకు హైదరాబాదు నుంచి తెప్పిస్తారు. ఒక సీసా తగ్గితే ఆయనకు తెలియదు. అలమారు తాళాలు నా మొలకే ఉంటాయి. బస్సు డ్రైవరు మారయ్య చేతికి ఇచ్చాను. రోజుకు ఒక్కటి, తిన్న తర్వాత. నోరు ఎండుతుంది, నీళ్లు బాగా తాగు.

చిన్నప్పుడు మేం చింతగింజలాట ఆడుతుంటే నువ్వు మీ బాపు పక్కన మగ్గం గుంటలో కాళ్లు ఆడించేవాడివి. ఆ కాళ్లతో గెలవకపోతే నాకు చెడ్డ పేరు.

మల్లేశం

*

నాగర్‌కర్నూల్,
19 ఫిబ్రవరి 1961

బావకు,

గెలిచాను.

బుచ్చయ్య ఈసారి నాకు పోటీగా ఒకణ్ని దింపాడు. పేరు పోచయ్య, కల్వకుర్తి దిక్కు ఎర్రగుంటపల్లి రైతు. వానలు లేక చెలక పండకపోతే సైకిలు పట్టుకున్నాడు. భార్య అరుణమ్మ, ఇద్దరు పిల్లలు. వాడి పద్ధతి వేరు. నిద్ర వచ్చినప్పుడల్లా పచ్చి ఉల్లిగడ్డ కొరుకుతాడు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే కలుపు పాట ఎత్తుకుంటాడు. ఆడవాళ్లు చుట్టూ నిలబడి వాడికి వంత పాడారు. నిజం చెప్పాలంటే జనానికి నాకంటే వాడే నచ్చాడు.

నీ గోళీ పని చేసింది. ఆకలి లేదు, అలుపు లేదు. జెండా గుడ్డలో పోగులు ఒక్కొక్కటి కనిపించాయి. పళ్లు వాటంతట అవే నూరుకున్నాయి, గుండె మాత్రం మగ్గంలో నాడె లాగా అటూ ఇటూ కొట్టుకుంది. అయిదో రోజు పోచయ్య పాట మధ్యలో తల వాల్చి కాలు పెట్టేశాడు. పెట్టిన చోటే కూలబడి నిద్రపోయాడు. పిల్లలు వాడి మొహం మీద నీళ్లు చల్లారు, లేవలేదు.

మిగిలిన రోజులు నేనొక్కణ్నే తొక్కాను. ఆడవాళ్లు వచ్చి హ్యాండిలుకు బొట్టు పెట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. నా పాదాలు తాకుదామని పక్కన పరుగెత్తారు. ఒక ముసలామె చేతులు జోడించి, "నిద్రను గెలిచినవ్ బిడ్డా, గిది తపస్సు" అన్నది. నాకు తల దించుకోవాలనిపించింది. ఆమె మొక్కింది నాకు కాదు, నీ సీసాకు.

ఆట అయ్యాక పోచయ్య నన్ను పక్కకు పిలిచాడు. "ఎట్ల తొక్కినవో జర నీ ఇగురం చెప్పు నర్సన్నా, ఎవ్వలికి చెప్ప" అన్నాడు. మాది నేసే కులం, చిన్నప్పటి నుంచి కాళ్లు ఆడించి అలవాటు అన్నాను. నమ్మాడు. వంగి నా పిక్కలు పట్టి చూశాడు కూడా.

బావా, కడుపు మీద పందెం లేదని రాశావు. ఒప్పుకున్నాను. మరి వాడు అడిగితే ఉన్నమాట నా నోటికి ఎందుకు రాలేదు?

నర్సు

*

నల్గొండ,
5 మార్చి 1961

నర్సుకు,

గెలిచి రాసిన ఉత్తరంలో ఆ ఏడుపేంది? గడియారం దగ్గరి హోటల్లో నీ సంగతి చెప్పాను. సర్వరు చాయకు పైసలు తీసుకోలేదు. "గా సైకిల్ వీరుడు మీ బామ్మర్దా సారూ" అని పక్క బల్లలవాళ్లు కూడా లేచి వచ్చారు. పదేళ్లుగా ఈ ఊళ్లో పొట్లాలు కడుతున్నాను, ఎవరూ నన్ను సారూ అనలేదు.

పోచయ్యకు ఉల్లిగడ్డ ఉంది, నీకు గోళీ ఉంది. ఎవడి ఉల్లిగడ్డ వాడిది. నీ దగ్గర లేని గొంతు వాడి దగ్గర ఉంది, దాన్ని వాడు నీకు పంచి ఇచ్చాడా? ముసలమ్మ మొక్కితే మొక్కనీ. ఆమెకు పుణ్యం, నీకు కూడు.

అయితే ఒక్క మాట. వాడికి మాత్రం చెప్పకు. చెబితే ఇద్దరూ సమానమవుతారు, తర్వాత బుచ్చయ్య నిన్ను ఎందుకు పిలుస్తాడు?

మీ అక్కకు నెల తప్పింది. నీకు మేనల్లుడో మేనకోడలో రాబోతున్నారు. ఇప్పటికైనా ఆమెకు ఒక కార్డు రాయి.

మల్లేశం

*

వనపర్తి,
28 మార్చి 1961

బావకు,

అక్క సంగతి విని సంతోషం. కార్డు విడిగా వేశాను.

సీసా అయిపోయింది. ఒకటి సరిపోవడం లేదు, రెండు మింగితే గాని ఒళ్లు మాట వినడం లేదు. ఆట లేని రోజుల్లో కూడా మింగకపోతే మంచం దిగలేకపోతున్నాను. ఊరికే కోపం వస్తోంది. మొన్న అన్నంలో రాయి వచ్చిందని వంటామె సోమమ్మను కొట్టబోయాను. ఆమె వయసు మా అమ్మ వయసు.

బుచ్చయ్యకు తెలిసిపోయింది. తిడతాడనుకున్నాను, భుజం తట్టాడు. మే నెలలో ఎర్రగుంటపల్లిలో నాకూ పోచయ్యకూ మళ్లీ పోటీ పెట్టాడు. సొంత ఊళ్లో పోచయ్య ఆడితే చుట్టుపక్కల జనమంతా వస్తారని వాడి లెక్క. నిండు ఎండల్లో వద్దన్నాను. "గోళీలున్నయి గదరా, ఎండేం చేస్తది" అన్నాడు.

తొందరగా పంపు.

నర్సు

*

నల్గొండ,
14 ఏప్రిల్ 1961

నర్సుకు,

మొన్న ఒక లారీ డ్రైవరును మా డాక్టరు గారి దగ్గరికి మోసుకొచ్చారు. వాడు అవే గోళీలు తింటూ వరసగా బండి నడిపాడట. రోడ్డు మీద లేని పశువులు కనబడి బండిని చెరువు కట్ట మీది నుంచి దింపేశాడు. మంచానికి కట్టేస్తే కట్లు తెంచుకుని అరిచాడు. డాక్టరు గారు నా వైపు తిరిగి చెప్పారు: "ఇది అలుపు పోగొట్టదు మల్లేశం. అలుపు సంగతి మనిషికి తెలియనివ్వదు, అంతే." ఆయన నన్ను అనుమానించి అన్నారో, ఊరికే అన్నారో తెలియదు.

పంపకూడదనే అనుకున్నాను. కానీ నువ్వు ఆట మధ్యలో పడితే ఇక్కడ నన్ను చూసి నవ్వుతారు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. మారయ్య చేతికి ఇంకో సీసా ఇచ్చాను. ఇదే ఆఖరు.

గుర్తు పెట్టుకో. పగటి ఎండలో మింగకు. ఆకలీ దూపా తెలియవు కాబట్టి తెలిసినా తెలియకపోయినా నీళ్లు తాగు. చెమట ఆగిపోయి ఒళ్లు పొడిగా కాలుతుంటే ఆ క్షణమే దిగిపో. ఎవరు నవ్వినా నవ్వనీ. ఆ తర్వాత మనిషి దక్కడని డాక్టరు గారు చెప్పారు.

మల్లేశం

*

ఎర్రగుంటపల్లి,
9 మే 1961

బావకు,

పోచయ్య చనిపోయాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, సైకిలు మీద. వడదెబ్బ అని అందరూ అన్నారు. నేనూ అదే అన్నాను.

మట్టి చేసి వచ్చాక అరుణమ్మ నా ఎదుట నిలబడింది. "ఎండల పుట్టి ఎండల పెరిగిండు. ఎండకెట్ల పోతడు? ఆయనకేం తినిపిచ్చిండ్రు?" అని అడిగింది. నేను ఏమీ చెప్పలేదు.

నాకేం కాలేదు. అక్కకు చెప్పు.

నర్సు

*

నల్గొండ,
15 మే 1961

నర్సుకు,

ఒక్కటే అడుగుతాను. వాడు మన గోళీలు తిన్నాడా?

వద్దు, జవాబు రాయకు. నాకు తెలియనక్కరలేదు. డాక్టరు గారు అలమారు తాళాలు అడిగి తీసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు. ఇక్కడ నా సంగతి అట్లా ఉంది.

మిగిలినవి ఉంటే బావిలో పారెయ్యి. బావిలో వద్దు, నీళ్లు తాగుతారు. గుంత తీసి పూడ్చు. నా ఉత్తరాలు కాల్చెయ్యి. ఎవరడిగినా వడదెబ్బ. పాలమూరు ఎండకు ప్రతి ఏడూ మనుషులు పోతూనే ఉన్నారు, ఒకడు ఎక్కువైతే ఎవరూ అడగరు. బుచ్చయ్యను వదిలి చౌటుప్పల్ పో. మగ్గం నీ కోసం ఖాళీగానే ఉందని మీ బాపు అంటున్నాడు.

మల్లేశం

*

చౌటుప్పల్,
2 జూన్ 1961

బావకు,

జవాబు రాయకు అన్నావు. రాస్తున్నాను. చదవకుండా కాల్చుకోవడం నీ ఇష్టం.

తిన్నాడు. నేనే ఇచ్చాను.

ఆట మొదలయ్యే రోజు పొద్దున వాడి కొట్టం వెనక్కి పిలిచి సీసా చూపించాను. నా కాళ్ల బలం ఇదేనని చెప్పాను. వాడు చాలాసేపు ఆ తెల్ల గోళీని అరచేతిలో తిప్పి చూశాడు. "గిదా? నేను నా కాళ్లల్ల దమ్ము లేదనుకుంటి గద నర్సన్నా. ఇంటికచ్చి ఏడ్సిన" అన్నాడు. అని నవ్వాడు. తిడితే బాగుండేది.

నాగర్‌కర్నూల్ నుంచి వాడి మొహం నన్ను వదల్లేదు. తప్పును దిద్దాలనుకున్నాను. దిద్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి, నేను మానెయ్యడం. రెండోది, వాడికీ ఇవ్వడం. ఇద్దరం తింటే పోటీ సమానమవుతుంది, ఇక ఎవరూ ఎవరినీ మోసం చేసినట్టు కాదు అనుకున్నాను. నాకు ఓడిపోవడం ఇష్టం లేదు బావా, అందుకే రెండోది న్యాయంగా కనబడింది. నువ్వు రాసిన జాగ్రత్తలన్నీ వాడికి చెప్పలేదు. రోజుకు ఒకటి అని మాత్రం చెప్పాను. నేను రెండు మింగడం చూసి వాడూ రెండు మింగాడు.

మూడు రోజులు పండగ లాగా గడిచింది. సొంత ఊరు, పిల్లలు వెంట పరుగెత్తుతున్నారు. అరుణమ్మ జొన్నరొట్టె చేతికందిస్తే తినకుండా పిల్లలకు విసిరాడు, ఆమె మురిసిపోయింది. ఉల్లిగడ్డ ముట్టలేదు. పాటా పాడలేదు, అది మాత్రం అందరికీ వెలితిగా ఉంది.

నాలుగో రోజు పొద్దు నడినెత్తికి వచ్చేసరికి జనం పందిరి కిందికి పోయారు. మైదానంలో మేమిద్దరమే. వాడు నా పక్కకు వచ్చినప్పుడు చూశాను. చొక్కా పొడిగా ఉంది. చెంపలు ఎర్రగా కాలుతున్నాయి, చెమట చుక్క లేదు. ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఎడ్లను అదిలిస్తున్నాడు. అరుణమ్మ చెంబుతో నీళ్లు ఎత్తి పట్టుకుంటే, "దూప లేదు, జరుగు" అన్నాడు.

నువ్వు రాసిన గుర్తు అదే. నాకు తెలుసు. ఆ మైదానంలో నాకొక్కడికే తెలుసు. పోచయ్యను దింపండి అని ఒక్క మాట అరిస్తే చాలు. నేను అనుకున్నది ఏమిటో చెప్పనా? ఇంకో చుట్టు చూద్దాం, వాడే దిగుతాడు, నేను గెలుస్తాను. ఆ చుట్టు అయింది, ఇంకోటి తొక్కాను. తర్వాతి చుట్టులో వాడు సైకిలుతో సహా పక్కకు ఒరిగాడు.

నేను దూకి పరుగెత్తాను. అప్పటికే కళ్లు తేలేశాడు. కాళ్లు రెండూ పెడళ్ల మధ్య చిక్కుకుని ఉన్నాయి, పాదం నేలకు తగల్లేదు. నేను వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బుచ్చయ్య మైకులో అరుస్తున్నాడు: "పోచయ్య కాలు కింద పెట్టలే. నర్సు పెట్టిండు. పోచయ్య గెలిచిండు." జనం చప్పట్లు కొట్టారు. పోయాడని వాళ్లకింకా తెలియదు.

అరుణమ్మ అడిగిన మాటకు నేను జవాబు బాకీ ఉన్నాను. పోయి చెబుతాను.

నర్సు

*

నల్గొండ,
12 జూన్ 1961

నర్సుకు,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. చదవకుండా పెట్టాల్సింది.

వాడికి చెప్పకు అని నీకు ముందే రాశాను. ఎండలో వద్దని రాశాను. చెమట సంగతి రాశాను. సీసా నాది కావచ్చు, చెయ్యి నీది. ఇప్పుడు ఆమెకు చెప్పి నీ మనసు కడుక్కుంటావు, ఆ బురద ఎవరి మీద పడుతుంది? గోళీలు ఎవరిచ్చారని పోలీసులు అడుగుతారు. దొంగిలించినవని తేలుతుంది. మీ అక్క కడుపుతో ఉంది. కాన్పు నాటికి నేను జైల్లో ఉంటే ఆమెను మీ బాపు సాకుతాడా, నువ్వు సాకుతావా?

నువ్వు గెలవాలని నేను కోరుకున్నాను. నా స్వార్థం కూడా అందులో ఉంది, కాదనను. కానీ ఒకణ్ని చంపిన తర్వాత నీకు న్యాయం గుర్తొచ్చింది, ఆ రెండు చుట్లు తొక్కేటప్పుడు ఎక్కడికి పోయింది నీ న్యాయం?

చెప్పిన రోజు నుంచి నా గడప తొక్కకు. మీ అక్క చచ్చినా నీకు కబురు రాదు.

మల్లేశం

*

ఎర్రగుంటపల్లి,
30 ఆగస్టు 1961

బావకు,

నువ్వు అడిగింది నిజమే. ఆ రెండు చుట్లప్పుడు నా న్యాయం ఎక్కడికి పోయిందో రెండు నెలలు మగ్గం గుంటలో కూర్చుని వెతుక్కున్నాను. దొరకలేదు. నిన్న ఇక్కడికి వచ్చాను.

పోచయ్య పడిన చోట ఊరివాళ్లు గద్దె కట్టారు. సున్నం కొట్టి పసుపు బొట్లు పెట్టారు, వాడి సైకిలును పక్కన నిలబెట్టారు. ప్రాణం పోయినా కాలు కింద పెట్టలేదు కాబట్టి దేవుడయ్యాడట. మంగళవారం మంగళవారం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి బియ్యం పోసి, కొబ్బరికాయ కొట్టి పోతున్నారు. గద్దె పక్కన అరుణమ్మ కూర్చుని బొట్టు పెడుతోంది. బుచ్చయ్య వచ్చి మైకులో మొక్కుబడుల సంగతి చెబుతున్నాడు.

నేను ఆమెతో విడిగా మాట్లాడాలనే వచ్చాను. కానీ బుచ్చయ్య నన్ను చూసి, పోచయ్యతో పోటీపడి ఓడిన నర్సు దండం పెట్టడానికి వచ్చాడని మైకులో చెప్పాడు. అందరూ నా వైపు తిరిగారు. దండం పెట్టలేకపోయాను. అక్కడే చెప్పాను. అది తపస్సు కాదు, మందు గోళీ అని. నేను తిన్నాను, వాడికి నేనే ఇచ్చాను, దానితోనే పోయాడని. నీ పేరు చెప్పలేదు.

ఒక్కరూ నమ్మలేదు. "ఓడిపోయినోనికి కుళ్లు" అని ఒకామె ఉమ్మేసింది. దేవుడి మీద నిందలు వేస్తానా అని మగవాళ్లు మీద పడ్డారు. కింది పెదవి చీలింది, ఒక పన్ను కదులుతోంది. బుచ్చయ్య ఆపలేదు. అరుణమ్మ అడ్డం వచ్చి నన్ను లేపి ఇంటికి తీసుకుపోయింది.

పిల్లలను బయటికి పంపి తలుపు దగ్గరేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, నువ్వూ వినాలి.

"నాకు ఎరుకే. ఆయన అంగి జేబుల రెండు గోళీలు దొరికినయి. నేనడిగిన నాడు నువ్వు చెప్తే, నీ గల్ల పట్టి ఏడుస్తుంటి, ఠాణకు గుంజుకపోతుంటి. నువ్వు నోరిప్పలే. గిప్పుడు చెప్పి ఏం చేస్తవ్? నువ్వు తేలికైతవ్. నా పొల్లగాండ్లు గద్దె మీది బియ్యం తింటున్నరు. బతికినన్నాళ్లు ఓడినోడన్నరు, ఇయ్యాల మొక్కుతున్నరు. మందు తిని సచ్చిండంటే బియ్యం పోస్తరా? నువ్వు చంపినవ్. ఇగ ఆయనను దేవుని లెక్క ఉంచుడు గూడ నీ పనే."

ఏం చెయ్యమంటావని అడిగాను. రేపు పొద్దున అందరి ముందు నిలబడి, కుళ్లుతో అబద్ధం చెప్పానని ఒప్పుకోమన్నది.

ఈ పొద్దున ఒప్పుకున్నాను. బుచ్చయ్య మైకు నా నోటికి పట్టాడు. పోచయ్య తన కాళ్ల బలంతోనే తొక్కాడు, ఏ గోళీ లేదు, ఓర్వలేక అన్నాను అని చెప్పాను. నిన్న నన్ను కొట్టినవాడే వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఉమ్మేసిన ఆమె కొబ్బరి ముక్క చేతిలో పెట్టింది. చీలిన పెదవితో నమలడం కష్టమైంది గాని అందరూ చూస్తున్నారు కాబట్టి తిన్నాను.

కాబట్టి నీకు ఫికర్ అక్కరలేదు. నిజం చెప్పడమూ అయింది, అది అబద్ధమని ఊరంతా తేల్చడమూ అయింది. నీ ఉద్యోగం నీకుంటుంది. అక్కకు మగపిల్లవాడు పుడితే నా పోలిక రాకూడదని మొక్కుకో, మొక్కుకోవడానికి ఇక్కడ జాగా కూడా ఉంది.

ఇది రాస్తుండగా ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డ ఒళ్లు కాలిపోతోంది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. గద్దె చుట్టూ తిప్పుతోంది. దవాఖానకు తీసుకుపొమ్మని చెబుదామని లేచాను. అరుణమ్మ నా వైపు చూసింది. మళ్లీ కూర్చున్నాను.

నర్సు